బండల ఫ్యాక్టరీకి ఏ వెబ్‌సైట్ మంచిది?

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల. నాన్నకు చిన్న నాపరాయి పాలీష్ ఫ్యాక్టరీ ఉంది. డిగ్రీ అయిపోయాక నేనూ అందులోకే వచ్చాను. బెంగళూరు, చెన్నై నుంచి ఇళ్లు కట్టుకునేవాళ్లు, మేస్త్రీలు ఫోన్ చేసి ఫోటోలు పంపమంటారు, పొద్దస్తమానం వాట్సాప్‌లో అవే ఫోటోలు పంపుతూ కూర్చుంటాను. వెబ్‌సైట్ పెడదామంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఫ్రెండ్ మొత్తం కోడ్ రాసి చేస్తానంటాడు. కడపలో ఒకాయన నలభై ఐదు వేలు అడిగాడు, ఆన్‌లైన్ షాపింగ్ కూడా పెడతానన్నాడు. యూట్యూబ్‌లో చూస్తే ఫ్రీగా గంటలో అయిపోతుందంటున్నారు. మా చిన్నాన్న కొడుకు కోడ్ రాయకుండా సైట్ కట్టుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ వాడమంటాడు. నాన్న అసలు ఇదంతా దండగ అంటున్నాడు. ఏది బెస్ట్? — ఒక పాఠకుడు, ఎర్రగుంట్ల

జవాబు: తమ్ముడూ, ఆ నలుగురూ సైట్ ఎలా కట్టాలో చెప్పారు. ఆర్నెల్ల తర్వాత నీ ఫోన్ నంబరు మారితే ఆ సైట్‌లో దాన్ని ఎవరు మారుస్తారో ఒక్కరూ చెప్పలేదు. నువ్వే, నీ ఫోన్లోంచే, ఐదు నిమిషాల్లో మార్చుకోగలిగితే అది మంచి సైట్. దానికోసం ఇంకొకరి తీరిక కోసం ఎదురుచూడాల్సి వస్తే ఎంత అందంగా ఉన్నా నీకు పనికిరాదు. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే మా మేనమామ బట్టల షాపు సైట్ పోయిన తీరు దగ్గరుండి చూశాను. చేసినతను మంచివాడే, పని కూడా బాగా చేశాడు. కానీ డొమైన్ పేరు, అంటే సైట్ అడ్రస్, తన మెయిల్ ఐడీతో తన అకౌంట్‌లో కొన్నాడు. రెండేళ్లకు ఊరు మారాడు, నంబరూ మారింది. రెన్యువల్ మెయిల్స్ అతని పాత మెయిల్‌కే పోయాయి, ఎవరూ చూడలేదు. ఒకరోజు షాపు బిల్లు పుస్తకం మీద అచ్చేసిన అడ్రస్ కొట్టి చూస్తే ఏదో వేరే ప్రకటనల పేజీ వచ్చింది. గడువు తీరాక కొన్నాళ్లు ఆగి పేరును మళ్లీ అమ్మకానికి వదిలేస్తారు, దాన్ని ఇంకెవరో కొనేసుకున్నారు. మామ ఆ బిల్లు పుస్తకాలు చేతిలో పట్టుకుని నిలబడ్డ మొహం నాకింకా గుర్తుంది. తప్పు ఎవరిదని వెతికితే ఎవరిదీ కాదు, ఆ రోజు డొమైన్ ఎవరి పేరుతో కొంటున్నారని ఎవరూ అడగలేదంతే.

అందుకని సైట్ ఎవరితో చేయించినా సరే, డొమైన్ మాత్రం నువ్వే కొను. నీ మెయిల్, నీ ఫోన్ నంబరు, నీ కార్డు. డాట్ ఇన్ పేర్లను మన దేశంలో నిక్సీ అనే సంస్థ చూస్తుంది, వాటిని అమ్మే కంపెనీలు చాలా ఉన్నాయి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోవద్దు, రెండో ఏడాది నుంచి ఎంత తీసుకుంటారో చూసి కొను, ఎందుకంటే ఆఫర్ ధర మొదటి ఏడాదికే ఉంటుంది. హోస్టింగ్, అంటే సైట్ ఫైళ్లు ఉంచే అద్దె చోటు, దాని సంగతీ ఇంతే.

ఇక నీ వ్యాపారం సంగతికి వద్దాం. బండలు కొనేవాడు ఏం అడుగుతాడు? మందం ఎంత, ఒకవైపు పాలీషా రెండువైపులా, అంచులు కోసి ఇస్తారా, వంటగట్టుకా అరలకా, చదరపు అడుగు ఎంత, లారీ బాడుగతో మా ఊరికి ఎంత పడుతుంది, దారిలో విరిగితే ఎవరిది నష్టం. ఇందులో సగానికి సైట్ జవాబు చెప్పగలదు, మిగతా సగం ఫోన్లో మాట్లాడుకునేదే. అందుకే ఆ కడపాయన చెప్పిన ఆన్‌లైన్ షాపింగ్ నీకు వద్దు. లారీ లోడు బండలు కార్ట్‌లో వేసి కార్డుతో డబ్బు కట్టేవాడు ఉండడు. పేమెంట్ గేట్‌వే, అంటే సైట్‌లో డబ్బు కట్టించుకునే సేవ, పెడితే ప్రతి అమ్మకం మీదా సాధారణంగా రెండు శాతం దాకా వాళ్లకు పోతుంది, పైగా దాని మీద జీఎస్టీ. చీరలో పచ్చళ్లో అమ్మేవాళ్లయితే షాపిఫై అనే ఆన్‌లైన్ దుకాణాల సేవ గురించి, అమ్మకాల కోసం వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే వూకామర్స్ గురించి నేనే చెప్పేదాన్ని. నీకు కావాల్సింది నాలుగైదు పేజీలు, కింద ఒక ఫోన్ బటన్, ఒక వాట్సాప్ బటన్.

మీ ఫ్రెండ్ మనసు మంచిదే, కానీ అతనికి ఉద్యోగం ఉంది, రేపు పెళ్లవుతుంది, పిల్లలవుతారు. అతను రాసిన కోడ్‌లో ఒక్క రేటు మార్చాలన్నా అతన్నే అడగాలి, నాలుగోసారి అడగాలంటే నీకే మొహమాటం వేస్తుంది. స్నేహం చెడకుండా ఉండాలంటే ఆ పని అతనికి పెట్టకు.

ఫ్రీ సైట్లంటావా, అడ్రస్ వాళ్లదైతే నువ్వు బాడుగింట్లో ఉన్నట్టే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌తో పాటు ఇదివరకు ఒక ఉచిత వెబ్‌సైట్ కూడా ఇచ్చేవాళ్లు, చిన్న షాపులవాళ్లు చాలామంది అదే వాడుకునేవాళ్లు, 2024 మార్చిలో వాటన్నిటినీ ఆపేశారు. విక్స్ లాంటి వాటిలో సైట్ కట్టడం నిజంగానే సులువు, నెలనెలా డబ్బు కడితే సొంత అడ్రస్ కూడా పెట్టుకోవచ్చు. కానీ అక్కడ కట్టినదాన్ని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి ఇంకోచోట పెట్టలేవు, వెళ్లిపోవాలంటే మొదటినుంచీ మళ్లీ కట్టుకోవాల్సిందే.

అందుకే మీ చిన్నాన్న కొడుకు మాటే నా మాట కూడా. వర్డ్‌ప్రెస్ 2003 నుంచి ఉంది, సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒక హోస్టింగ్ నచ్చకపోతే సైట్ మొత్తం మూటగట్టుకుని ఇంకో హోస్టింగ్‌కు పోవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అని ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సేవ వేరు, డాట్ ఆర్గ్‌లో దొరికే సాఫ్ట్‌వేర్ వేరు, నేను చెప్పేది రెండోదాని గురించి. చాలా హోస్టింగ్ కంపెనీల్లో ఒక బటన్ నొక్కితే అదే ఎక్కుతుంది. అయితే ఇది పెట్టి వదిలేసే వస్తువు కాదు. థీమ్ (సైట్ రూపురేఖలు), ప్లగిన్లు (అదనపు పనులకు తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్లు) అప్‌డేట్ చేయకుండా వదిలేసిన సైట్లలోకే హ్యాకర్లు ముందు దూరతారు. కనపడిన ప్లగిన్ అల్లా వేయకు, ఐదారు చాలు. నెలకోసారి అప్‌డేట్ చేసి ఒక బ్యాకప్ నీ కంప్యూటర్‌లో దాచుకో. ఆ మాత్రం ఓపిక లేదనుకుంటే మొహమాటపడకుండా విక్స్ లాంటి నెలవారీ బిల్డరే తీసుకో, అప్‌డేట్లన్నీ వాళ్లే చూసుకుంటారు, అప్పుడు కూడా డొమైన్ మాత్రం నీ పేరు మీదే ఉండాలి.

నలభై ఐదు వేలు పెట్టే ముందు రెండు రోజులు ఫోటోల మీద పెట్టు. అసలు సరుకు అదే. బండను కడిగి తడి మీద ఫోటో తీస్తే నల్లగా నిగనిగలాడుతుంది, ఆరాక బూడిదరంగుకు తిరుగుతుంది. తడి ఫోటో చూసి ఆర్డరిచ్చినవాడు లారీ దిగాక గొడవ పడతాడు, అందుకని తడిదీ పొడిదీ పక్కపక్కన పెట్టు, ఏది ఏదో కింద రాయి. మందం కనపడేలా అంచు దగ్గర టేపు పెట్టి తీయి. మధ్యాహ్నం ఎండలో తీస్తే పాలీష్ మెరుపుకు రంగు తెలియదు, పొద్దున పూట నీడలో తీయి. ఫోన్లో తీసిన ఫోటో ఒక్కొక్కటి మూడు నాలుగు ఎంబీ ఉంటుంది, అలాగే ఎక్కిస్తే సిగ్నల్ సరిగా లేనిచోట మేస్త్రీ ఫోన్లో పేజీ తెరుచుకోదు. రెండు వందల కేబీ లోపలికి తగ్గించి పెట్టు. రేటు రోజూ మారేదైతే సైట్‌లో రాయకు, ‘ఈరోజు రేటు కోసం ఫోన్ చేయండి’ అని రాస్తే చాలు.

నాన్నగారి మాట కూడా కొట్టిపారేసేది కాదు. సైట్ పెట్టగానే ఫోన్లు మోగవు. ముందు గూగుల్ మ్యాప్స్‌లో ఫ్యాక్టరీ పెట్టించు, డబ్బు ఖర్చు లేదు, పాత ఖాతాదారుల్ని నాలుగు మాటలు రాయమని అడుగు. తర్వాత నెలరోజులు వాట్సాప్‌లో ఫోటోలు అడిగినవాళ్లకు ఫోటోల బదులు సైట్ లింకు పంపి చూడు. నీ టైము ఎంత మిగిలిందో నాన్నగారికే తెలుస్తుంది.

ప్రశ్న: నేను కర్నూలులో రిటైరైన తెలుగు టీచర్‌ని. ముప్పై ఏళ్లుగా రాసుకున్న వ్యాకరణ పాఠాలు డీటీపీ షాపులో అనూ ఫాంట్లలో టైప్ చేయించాను. సైట్‌లో పెట్టమని ఇస్తే అక్షరాలన్నీ పిచ్చిగీతల్లా వచ్చాయి. అన్నిటినీ బొమ్మలుగా పెడతానని అబ్బాయి అంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: అనకండి టీచర్ గారూ, దయచేసి అనకండి. బొమ్మగా పెట్టిన పాఠం చూడ్డానికే పనికొస్తుంది. సవర్ణదీర్ఘ సంధి అని వెతికే పిల్లవాడికి గూగుల్లో అది దొరకడం కష్టం, కాపీ చేసుకోలేడు, చూపు లేనివాళ్లకు ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించలేదు. అనూ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల చోట్లలోనే తెలుగు ముక్కలు పెట్టి ఉంటాయి, ఆ ఫాంట్ లేనిచోట గీతలే మిగులుతాయి. అందరి ఫోన్లలోనూ కనపడేది యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి అక్షరానికీ అన్నిచోట్లా ఒకే సంకేతం ఉండే పద్ధతి. అనూ నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, కానీ ఒత్తులు, కొమ్ములు అక్కడక్కడా తారుమారవుతాయి, కాబట్టి మార్చాక ప్రతి పాఠం మీరే ఒకసారి చదవాలి. వ్యాకరణంలో ఒక్క ఒత్తు పోయినా పాఠమే తప్పవుతుంది కదా.

అక్షరాలకు మండలి ఫాంటు గానీ నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టమనండి, రెండూ ఉచితమే. వరుసల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వమనండి, ఇంగ్లీషుకు సరిపోయే ఖాళీలో మన కింది ఒత్తులు, పై గుడులు ఒకదానికొకటి తగులుతాయి. మీకు వర్డ్‌ప్రెస్ కూడా అక్కర్లేదు, గూగుల్ వాళ్ల బ్లాగర్ ఉచితంగా సరిపోతుంది, దానికి ఒక సొంత డొమైన్ తగిలించుకుంటే చాలు. యూనికోడ్ ఫైళ్లు మాత్రం ఒక పెన్‌డ్రైవ్‌లో మీ బీరువాలో ఉండాలి. బ్లాగర్ రేపు ఉన్నా పోయినా పాఠాలు మీ దగ్గరుంటాయి.

ప్రశ్న: అనంతపురంలో మాకు ట్యూషన్ సెంటర్ ఉంది. మా సైట్ తెరిస్తే పైన ‘నాట్ సెక్యూర్’ అని వస్తోంది. తల్లిదండ్రులు భయపడుతున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. సర్టిఫికెట్‌కు ఏడాదికి ఆరువేలు కావాలని డిజైనర్ అంటున్నాడు. కట్టాలా?

జవాబు: ఇప్పుడే కట్టకండి. అలా వచ్చిందంటే సైట్ హ్యాక్ అయిందని కాదు. సర్టిఫికెట్ అంటే సైట్‌కూ చూసేవాళ్లకూ మధ్య పోయే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా కాపాడేది, అది లేని సైట్లన్నిటికీ 2018 జులై నుంచి క్రోమ్ ఆ మాట చూపిస్తోంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తుంది, సైట్ ఫైళ్లు ఉంచే చాలా హోస్టింగ్ కంపెనీలు తమ సెట్టింగుల పేజీలోనే ఆ సదుపాయం పెట్టాయి, గడువు తీరకముందే అదే రెన్యూ అవుతుంది. మీ హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి ఉచిత ఎస్‌ఎస్‌ఎల్ (ఈ సర్టిఫికెట్‌నే అలా అంటారు) ఉందా అని అడగండి. ఆ ఫోన్ డిజైనర్‌తో కాకుండా మీరే చేయండి. అకౌంట్ ఎవరి పేరు మీద ఉందని వాళ్లు మిమ్మల్ని మొదట అడుగుతారు. మీ పేరు మీద లేదని తేలితే సర్టిఫికెట్ సంగతి పక్కనపెట్టి ముందు అకౌంట్ మీ పేరు మీదికి మార్పించుకోండి.