అమ్మ వెన్నుపూసకు సిమెంట్ ఎక్కించమంటున్నారు, ఒప్పుకోవచ్చా?

నడుం దగ్గర వెన్నుపూస విరిగి నొక్కుకుపోయిందనీ, డెబ్బై దాటిన అమ్మగారికి సిమెంట్ ఇంజెక్షన్ (విరిగిన పూసను నిలబెట్టడానికి సూదితో లోపలికి ఎక్కించే ఎముకల సిమెంట్) అవసరమా అనీ అడిగారు. ముందు తేల్చుకోవలసింది ఆ ఫ్రాక్చర్ కొత్తదా, పాతదా అన్నది. ఎక్స్‌రేలో పూస అణిగినట్టు తెలుస్తుంది కానీ ఎప్పుడు అణిగిందో తెలియదు. ఎమ్మారైలో ఎముక లోపల నీరు చేరినట్టు కనిపిస్తే కొత్తదని అర్థం. అతుక్కుపోయిన పాత పూసలో సిమెంట్ పోస్తే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

మా అత్తగారికి విశాఖ ఎంవీపీ కాలనీ ఇంట్లో నీళ్ల బకెట్ ఎత్తుతుండగా ఎల్1 పూస (నడుం భాగంలో అన్నిటికన్నా పైది) విరిగింది. పక్కకు ఒత్తిగిలితే చాలు, కేక పెట్టేవారు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి దానంతటదే తగ్గుతుందని చెప్పి, డాక్టరు ముందు బెల్టు, మాత్రలు ఇచ్చారు. ఆమెకు తగ్గలేదు. మంచం దిగలేక ఛాతీలో కఫం చేరడం మొదలయ్యాకే సిమెంట్‌కు ఒప్పుకున్నాం.

బోర్లా పడుకోబెట్టి, వీపు వరకే మత్తిచ్చి, సీ-ఆర్మ్ అనే ఎక్స్‌రే యంత్రం తెర మీద చూస్తూ పూసలోకి సూది దించుతారు. సిమెంట్ టూత్‌పేస్టులా చిక్కబడేదాకా ఆగి మెల్లగా ఎక్కిస్తారు. పల్చగా ఉంటే బయటికి కారి నరాలను నొక్కవచ్చు, రక్తనాళాల్లోంచి ఊపిరితిత్తులకూ చేరవచ్చు. అరుదే అయినా ఈ సంగతి ముందే అడగండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. ఆ సాయంత్రం అత్తగారు మంచం మీద లేచి కూర్చుని కాఫీ తాగారు.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పలేను. 2009లో వెలువడిన రెండు అధ్యయనాల్లో, సిమెంట్ ఎక్కించినవారికీ, ఎక్కించినట్టు భ్రమ కల్పించినవారికీ నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2016లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో మాత్రం, ఫ్రాక్చర్ అయి ఆరు వారాలు దాటకుండా తీవ్రమైన నొప్పితో ఉన్నవారికి మేలు కనిపించింది. కొత్తదా, పాతదా అని నేను అంతగా పట్టుబట్టేది ఇందుకే.

కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పూస విరగడానికి క్షయో, క్యాన్సరో కారణం కాదని కూడా నిర్ధారించుకోవాలి.

ఇక చాలా ఇళ్లలో మరిచిపోయేది ఒకటుంది. సిమెంట్ నిలబెట్టేది ఆ ఒక్క పూసనే. పైనా కిందా ఉన్నవీ అంతే గుల్లబారి ఉంటాయి. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష చేయించండి. మా అత్తగారికి కిడ్నీలు బాగున్నాయని చూసుకున్నాకే ఎముకలు గట్టిపడేందుకు ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రానిక్ యాసిడ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఆ మందు ఊసెత్తకుండా డిశ్చార్జ్ చేస్తామంటే దయచేసి ఊరుకోకండి.

రెండో అభిప్రాయానికి విశాఖలోని ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఎముకల విభాగంలో కూడా చూపించవచ్చు. రిపోర్టు ఒక్కటే కాదు, ఎమ్మారై ఫిల్ములూ తీసుకెళ్లండి.