పాఠకుల ప్రశ్నలు: లేజర్ వెలుగు, కెమెరా సెన్సర్

ప్రశ్న: నేను పెళ్లిళ్లకు వీడియో తీస్తుంటాను. ఇటీవల ఒక సంగీత్ వేడుకలో డీజే వాళ్లు వేదిక మీద లేజర్ లైట్లు పెట్టారు. ఇంటికి వచ్చి చూసుకుంటే, ఒక కిరణం లెన్స్‌లో పడిన క్షణం నుంచి ప్రతి ఫ్రేములోనూ పైనుంచి కిందికి సన్నని గులాబీ రంగు గీత కనిపిస్తోంది. లెన్స్ మార్చినా పోలేదు. దీపావళి మతాబులు, స్టేజీ లైట్లు, సూర్యాస్తమయాలు ఎన్నో తీశాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఇంతకూ ఎక్కువ వెలుగు కెమెరాను పాడుచేస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పాడుచేస్తుంది. అయితే మతాబులు చేయని హాని లేజర్ ఎందుకు చేసిందో తెలియాలంటే, వెలుగు ఎంత ఉందన్నదానికన్నా అది సెన్సర్ (లెన్స్ వెనుక ఉండి వెలుగును బొమ్మగా మార్చే చిప్) మీద ఎంత చిన్న చోట పోగుపడిందన్నది చూడాలి. చిన్నప్పుడు భూతద్దంతో ఎండలో కాగితం కాల్చిన వారికి ఇది కొత్త కాదు. కెమెరా లెన్స్ చేసేదీ అదే పని. మతాబు, స్టేజీ లైటు వంటివి వెలుగును విశాలంగా వెదజల్లుతాయి కనుక అందులో అతి కొద్ది భాగమే లెన్స్‌లోకి వస్తుంది, అది కూడా సెన్సర్ మీద కొంత మేర పరుచుకుంటుంది. బొమ్మ తెల్లబారుతుంది, కెమెరాను పక్కకు తిప్పగానే మళ్లీ మామూలవుతుంది.

లేజర్ కిరణం అంతగా చెదరదు. దాదాపు సమాంతరంగా వచ్చిన ఆ కిరణాన్ని లెన్స్ కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్కగా కుదించగలదు. వేడి పక్కలకు పాకే వ్యవధి లేకుండానే ఆ చోట ఉన్న రంగు ఫిల్టరు, దాని కింది సిలికాన్, సన్నని లోహపు దారులు దెబ్బతింటాయి. ఒక్క పిక్సెల్ పోతే చుక్కగా కనిపిస్తుంది; వరుస మొత్తం సంకేతాన్ని మోసే దారి పాడైతే మీరు చెప్పినటువంటి గీత ఏర్పడుతుంది. ఇందుకు సెకనులో చిన్న భాగం చాలు.

జనం కళ్లకు కానిది కెమెరాకు ఎలా అయిందని డీజే వాళ్లు మిమ్మల్ని అడగవచ్చు. చీకట్లో బాగా విచ్చుకున్న కంటిపాప వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. 200 ఎంఎం దగ్గర ఎఫ్ 2.8 అపర్చర్‌తో (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం కొలతతో) ఉన్న జూమ్ లెన్స్ వెలుగును తీసుకునే ద్వారం సుమారు 70 మిల్లీమీటర్లు. వ్యాసం 10 రెట్లయితే వైశాల్యం 100 రెట్లవుతుంది. దూరం వెళ్లి వెడల్పయిన కిరణం నుంచి లెన్స్ కంటికన్నా ఎన్నో రెట్ల శక్తిని గ్రహించగలదు. పైగా కన్ను రెప్ప వేస్తుంది, కెమెరా వేయదు. అంతమాత్రాన లేజర్ కంటికి క్షేమమని కాదు. శక్తిమంతమైన కిరణం నేరుగా పడితే చూపు శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

షట్టర్ స్పీడ్ పెంచితే సరిపోతుందని అనుభవం ఉన్న వీడియోగ్రాఫర్లు కూడా అనుకుంటుంటారు. సాధారణంగా వీడియో తీసేటప్పుడు షట్టర్ ఎలక్ట్రానిక్‌గా పనిచేస్తుంది, అంటే సెన్సర్ ఎంతసేపు లెక్కపెట్టాలో మారుతుందే గానీ దాని మీద పడే వెలుగు ఆగదు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో, అంటే సెన్సర్ ముందు అద్దం లేని వాటిలో, రికార్డింగ్ ఆపినా సెన్సర్ చాలావరకు తెరుచుకునే ఉంటుంది. కాబట్టి లేజర్లు తిరుగుతున్నప్పుడు నిజమైన రక్షణ లెన్స్ క్యాప్ ఒక్కటే. యూవీ ఫిల్టరు కనిపించే వెలుగును ఆపదు. తీయక తప్పనప్పుడు లేజర్ పెట్టెకు పక్కగానో వెనుకగానో నిలబడండి, కిరణాలు ఏ ఎత్తులో, ఏ వైపు తిరుగుతాయో కార్యక్రమానికి ముందే డీజే వాళ్లను అడగండి.

సూర్యుడి సంగతి వేరు. అస్తమయ వేళ దట్టమైన గాలి పొరలు వెలుగును వడగడతాయి కనుక మీకు ఏమీ కాలేదు. సెన్సర్ చిప్‌కు బదులు గాజు గొట్టంతో పనిచేసిన పాతకాలపు ట్యూబ్ కెమెరాలకు సూర్యుడు బద్ధశత్రువు. 1969 నవంబరులో చంద్రుడి మీద అపోలో 12 వ్యోమగామి ఆలన్ బీన్ టీవీ కెమెరాను మరో చోటికి మారుస్తూ పొరపాటున సూర్యుడి వైపు తిప్పడంతో ఆ ట్యూబు పాడై ప్రసారం ఆగిపోయింది. నేటి సెన్సర్లు అంత సున్నితం కావు. వైడ్ లెన్స్‌తో తీస్తూ మధ్యాహ్నపు సూర్యుడిని ఫ్రేములో ఒక్కసారి దాటించినంత మాత్రాన సాధారణంగా ఏమీ కాదు. 500 ఎంఎం లెన్స్‌ను ట్రైపాడ్ మీద సూర్యుడికి గురిపెట్టి ఉంచితే మాత్రం సుమారు నాలుగున్నర మిల్లీమీటర్ల సూర్యబింబం లోపల వేడెక్కిస్తూనే ఉంటుంది, అపర్చర్ రేకులు కూడా కాలిపోవచ్చు. గ్రహణం తీసేవారు లెన్స్ ముందు వెలుగును లక్షవ వంతుకు తగ్గించే సోలార్ ఫిల్టరు బిగించాలి. వెలుగును కొంత తగ్గించే మామూలు ఎన్‌డీ ఫిల్టరు చాలదు. ఇంకొక మాట: కెమెరాను ఎండలో పెట్టేటప్పుడు వ్యూఫైండర్ సూర్యుడి వైపు ఉండకూడదు. దాని కటకం కూడా భూతద్దమే, లోపలి చిన్న తెరను మాడ్చేస్తుంది.

ఇక మీ కెమెరా విషయం. లెన్స్‌కు క్యాప్ పెట్టి, మరొకసారి తెల్లగోడకు గురిపెట్టి కొద్ది సెకన్లు రికార్డు చేయండి. రెండింట్లోనూ గీత అదే చోట ఉంటే సెన్సర్ దెబ్బతిన్నట్టే. ఒకటి రెండు చుక్కలయితే సర్వీస్ సెంటర్‌లో పిక్సెల్ మ్యాపింగ్‌తో, అంటే పాడైన పిక్సెల్ స్థానాన్ని పక్కవాటి రంగుతో పూరించే పద్ధతితో, కప్పివేయగలరు. పూర్తి గీతకు చాలాసార్లు సెన్సర్ మార్చక తప్పదు. అది ఖరీదైన పని కనుక ముందుగా అంచనా రాయించుకుని, ఆ మొత్తాన్ని అదే కెమెరా సెకండ్‌హ్యాండ్ ధరతో పోల్చి చూసి నిర్ణయించుకోండి.