నార్వే ఈ39 తీర రహదారిలో కొన్ని వంతెనలు నీటి మీద ఎందుకు తేలుతాయి?

స్తంభాలు నిలబెట్టడానికి అందనంత లోతులో సముద్రపు అడుగు ఉండటమే కారణం. క్రిస్టియన్‌సాండ్ నుంచి ట్రోండ్‌హైమ్ దాకా సుమారు 1,100 కిలోమీటర్లు సాగే ఈ రోడ్డుకు ఫియర్డులు అడ్డుపడతాయి. ఇవి హిమానీనదాలు కొండల్ని తొలిచి చేసిన ఇరుకైన సముద్రపు పాయలు. సోగ్నెఫియర్డ్ లోతు ఒకచోట 1,300 మీటర్లు! అందుకే కొన్నిచోట్ల ఇప్పటికీ వాహనాలు ఫెర్రీ ఎక్కాల్సిందే.

బెర్గెన్ దగ్గర 1994లో తెరిచిన నార్డ్‌హార్డ్‌లాండ్ వంతెన చూడండి. కింద నీళ్లు దాదాపు 500 మీటర్ల లోతు. రోడ్డు బరువును పది బోలు కాంక్రీటు పెట్టెలు పడవల్లా తేలుతూ మోస్తాయి. వాటిని అడుగుకు కట్టే లంగర్లు లేవు. వంతెన విల్లులా వంగి ఉండటం వల్ల అలల తోపుడు రెండు ఒడ్లకూ చేరుతుంది, ఒడ్డునున్న బండరాయే దాన్ని ఆపుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చే ఉపాయం ఇదే. ఓడలు వెళ్లడానికి ఒక చివర తీగల వంతెన ఎత్తుగా ఉంటుంది.

నీటి మధ్యలో వేలాడే గొట్టంలాంటి సొరంగం నార్వేలో ఉందని వీడియోలు చూసి చాలామంది నమ్ముతారు. అది ప్రతిపాదన మాత్రమే, ప్రపంచంలో ఎక్కడా ఇంకా కట్టలేదు. స్టావాంగర్ దగ్గర తవ్వుతున్న సుమారు 27 కిలోమీటర్ల రోగ్‌ఫాస్ట్ సముద్రపు అడుగున ఉన్న రాతిలోంచి పోయే మామూలు సొరంగమే.