పాపని తీసుకుని వైజాగ్ వచ్చేయొచ్చా?

అమెరికాలో మొగుడూ పెళ్లాలకి మాట చెడిందని తెలియగానే సీతమ్మధార నుంచో గాజువాక నుంచో ఫోన్ వస్తుంది, 'పాపని తీసుకుని వచ్చెయ్ అమ్మా, మిగతాది ఇక్కడ చూసుకుందాం' అని. కన్నవాళ్ల బాధ అర్థమవుతుంది గానీ, ఆ మాట విని టికెట్ కొనేయకండి. తండ్రి హక్కుకి అడ్డుపడాలని పిల్లని దేశం దాటించేస్తే (తండ్రి చేసినా అంతే) ఇక్కడి, అంటే అమెరికాలోని, 1993 నాటి ఫెడరల్ చట్టం కింద నేరం, మూడేళ్ల వరకు జైలు. కొడుతున్నాడు, భయంగా ఉంది అంటే ముందు ఇక్కడే కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగండి, దాంతోపాటే తాత్కాలిక కస్టడీ కూడా అడగొచ్చు.

పెళ్లి సింహాచలంలో జరిగినా, పాప కేజీహెచ్‌లో పుట్టినా లెక్కలోకి రాదు. దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ రూల్ ఒకటే: కేసు వేసే ముందు ఆరు నెలలు పాప ఎక్కడుందో కస్టడీ తేల్చేది అక్కడి కోర్టే. హెచ్-4 (భర్త ఉద్యోగ వీసా మీద భార్యకొచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నా కేసు వేసుకోవచ్చు, కాకపోతే విడాకులు వచ్చేస్తే ఆ స్టేటస్ పోతుంది, కాబట్టి ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా కలవండి.

చదువు, వైద్యం నిర్ణయాలు లీగల్ కస్టడీ, ఎవరింట్లో ఉంటుందన్నది ఫిజికల్ కస్టడీ. ఇంకోటి, పిల్ల ఖర్చులకి డబ్బు ఇవ్వట్లేదని పిల్లని చూపించకపోవడం, చూపించట్లేదని డబ్బు ఆపేయడం, రెండూ చెల్లవు. మనవాళ్లు పంతానికి పోయి కోర్టులో చీవాట్లు తినేది ఎక్కువగా ఇక్కడే.

ఇలా దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపే 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి, ఇక వైజాగ్ ఫ్యామిలీ కోర్టులో గెలిచేస్తాం అని ధీమాగా చెప్పే చుట్టాలుంటారు. అక్కడి కోర్టు కూడా చూసేది పిల్ల మేలే. 2020లో ఇలాంటి కేసులోనే సుప్రీంకోర్టు పాపతో సహా అమెరికా తిరిగి వెళ్లమని తల్లికి చెప్పింది.

అమ్మమ్మ దగ్గరికి వేసవిలో పంపాలంటే ఆ ముక్క మీ కస్టడీ ఒప్పందంలోనే రాయించండి: తేదీలు, రిటర్న్ టికెట్, బస చేసే ఇల్లు, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది. అమెరికన్ పాస్‌పోర్ట్‌కి పదహారేళ్లలోపు పిల్లలకి మామూలుగా ఇద్దరి సమ్మతీ కావాలి, కానీ పాస్‌పోర్ట్ అప్పటికే చేతిలో ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపి అడిగేవాడుండడు. వీడియో కాల్ 'వీలైనప్పుడు' అని రాస్తే ఆ వీలు ఎప్పటికీ చిక్కదు. వేసవిలో డాలస్ రాత్రి ఎనిమిదిన్నర అంటే వైజాగ్‌లో పొద్దున్న ఏడు, వారంలో ఏయే రోజులో, ఎవరి ఫోన్‌కో కూడా రాయించండి.