కొలోబస్ కోతులు ఆకులు తిని ఎలా బతుకుతాయి? పండిన పండ్లు పెడితే ఏమవుతుంది?

ఆఫ్రికా అడవుల్లో చెట్లపైనే బతికే ఈ కోతులు మన కొండముచ్చుకు దగ్గరి చుట్టాలు. కిటుకంతా పొట్టలోనే ఉంది. అది అరలు అరలుగా ఉంటుంది. పై అరలో బాక్టీరియా ఆకుల పీచును పులియబెడుతుంది. ఆమ్లం ఊరేది ఆ తర్వాతి భాగంలోనే. మాగిన పండ్లు ఎక్కువగా తింటే చక్కెర గబగబా పులిసి పై అర కూడా ఆమ్లమయమవుతుంది, బాక్టీరియా చస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. జాలిపడి అరటిపండు పెట్టడం మేలు కాదన్నమాట. లేత ఆకులు, పచ్చికాయలు, గింజలే వీటికి సరిపడే తిండి.

టాంజానియా దగ్గరి జాంజిబార్ దీవిలో ఉండే ఎర్ర కొలోబస్‌ది ఇంకో తమాషా. తోటల్లో మామిడి, బాదం చెట్ల ఆకులు మేసి, కాలిన మోడుల దగ్గరికి దిగొచ్చి బొగ్గు కొరుక్కు తింటుంది. ఆ ఆకుల్లో ఉండి అరుగుదలకు అడ్డుపడే ఫినాల్ అనే పదార్థాలను బొగ్గు పట్టేసుకుంటుంది, ప్రొటీన్లను మాత్రం పెద్దగా ముట్టుకోదు.

చేతి బొటనవేలు మొండి కావడంతో, ‘తెగి మొండిదైనది’ అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి కొలోబస్ అనే పేరొచ్చింది. మిగతా నాలుగు వేళ్లూ కొక్కెంలా కొమ్మను పట్టుకుంటాయి.