పగులు ఎంత ఉందని కాదు, ఎటు పోతోందో చూడండి

తిరుపతి బైరాగిపట్టెడలో 35 ఏళ్ల నాటి ఇల్లు బేరమాడుతున్నామనీ, హాలు గోడలో పగుళ్లున్నాయనీ, ఓనరు మాత్రం ‘అవి పూత పగుళ్లే, పెయింట్ వేస్తే పోతాయి’ అంటున్నారనీ రాశారు. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ అడ్వాన్స్ ఇచ్చేలోపు మీరే చూసి తేల్చుకోవాలి.

వెంట్రుకవాసి సన్నంగా, గోడంతా పిచ్చిగీతల్లా ఉన్నవి చాలావరకు పూతవే. పిల్లరుకూ ఇటుక గోడకూ మధ్య నిలువు గీత, స్లాబు కింద గోడ పైభాగాన సన్నటి అడ్డగీత కూడా మామూలుగా అంత ప్రమాదం కాదు. మన తిరుపతి ఎండకు స్లాబు సాగి, రాత్రికి ముడుచుకుంటుంది కాబట్టి అక్కడ గీత పడుతుంది.

భయపడాల్సింది ఏటవాలు పగులుకు. కిటికీ మూల నుంచో, గుమ్మం మూల నుంచో బయల్దేరి ఇటుకల సందుల్లో మెట్లు మెట్లుగా పోతుంది. అదే చోట గోడ బయటివైపు కూడా కనిపిస్తే పునాది ఒక పక్క కుంగిందేమోనని అనుమానించాలి. అందులో పెన్సిల్ దూరితే మేస్త్రి మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిపించాల్సిందే.

మా బావ కొర్లగుంటలో పాత ఇల్లు చూసినప్పుడు, తెలిసిన బేల్దారి మేస్త్రిని వెంటబెట్టుకుని నేనూ వెళ్లాను. వెనక గదిలో కిటికీ మూల నుంచి సరిగ్గా ఇలాంటి పగులే. మేస్త్రి టార్చి పక్కవాటుగా పట్టుకుని లోపల చూపించాడు. పగులు మొదలైన చోట అంచులకు పాత సున్నం, దుమ్ము పట్టేసి ఉన్నాయి. చివర జానెడు మేర మాత్రం అంచులు పదునుగా, లోపలి ఇటుక ఎర్రగా కనిపించింది. అంటే పగులు ఇంకా సాగుతూనే ఉంది. బయటికెళ్లి చూస్తే ఆ మూలనే బాత్రూం నీళ్లు పోయే పైపు జాయింటు కారుతోంది, కింద నేలంతా తడి. ఆ నీటికి మట్టి మెత్తబడి పునాది ఆ పక్కకు దిగింది.

ఓనరు మంచి మనిషి, ఒప్పుకుని పైపు మార్పించారు. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించాం. పగులు ఆగిన చోట పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాశాం. గోడ కదిలితే గాజు చిట్లిపోతుంది. వానలు వెళ్లేదాకా అగ్రిమెంటు ఆపుకున్నాం. గాజు చిట్లలేదు, పగులు గీత దాటలేదు. రిపేరు ఖర్చు ధరలో తగ్గించుకుని అప్పుడు కొన్నాడు మా బావ.

మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వీలైతే మీరూ ఆ కాలం దాటనివ్వండి. అంత టైమ్ లేకపోతే 2021 నవంబరు వానల్లో ఆ వీధిలో నీళ్లు ఎంత ఎత్తున, ఎన్నాళ్లు నిలిచాయో పక్కింటివాళ్లను అడగండి. అప్పుడు ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణా నగర్‌లో భూమిలోని నీళ్లతొట్టి సిమెంటు వరలు పైకి లేచి వచ్చాయి. నేలలో నీరు చేరితే అంత పని చేస్తుంది. ఆ స్థలం ఒకప్పుడు గుంటో, కాలువో పూడ్చిందా అని కూడా పాతకాపులను విచారించండి.

గోడలు చూస్తూ స్లాబు మర్చిపోకండి. కింది నుంచి చూస్తే లోపలి ఇనుప కమ్మీల వెంట తిన్నగా పగుళ్లు, తుప్పు మరకలు, పెచ్చులు ఊడిన చోట్లు ఉంటే, నా దృష్టిలో అది గోడ పగులు కన్నా పెద్ద సమస్య. కర్రతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే లోపల కాంక్రీటు పట్టు వదిలేసినట్టే. ఇల్లంతా పాత రంగుండి ఒక్క గోడకే కొత్త పెయింట్ ఉంటే కారణం అడగండి. తలుపులన్నీ వేసి తీయండి, ఒక పక్కే బిగుసుకుంటుంటే అది కూడా రాసుకోండి.

గాజు అతికించడానికి కూడా ఒప్పుకోని ఓనరైతే నేనైతే ఆ ఇంటి జోలికి పోను. పగులు ఫోటోలు ఉంటే పెట్టండి. పక్కన స్కేలు పట్టుకుని, లోపలా బయటా ఒకే చోటివి తీయండి, చూసి నాకు తోచింది చెప్తాను.