బంతిని కాదు, 40వ నంబర్‌ను చూడండి

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ గొప్పవాడని ఎలా తెలుస్తుంది, మీరు కళ్లారా చూసినవాళ్లలో ఎవరు అని అడిగారు. నేనైతే ల్యూక్ కీక్లీ పేరే చెప్తాను. 2009 నుంచి 2011 దాకా బోస్టన్ కాలేజీకి ఆడాడు.

అప్పట్లో నేను బోస్టన్‌లో ఎంఎస్ చేస్తున్నాను. గ్రీన్ లైన్ రైల్లో చివరి స్టాప్‌లో దిగితే ఆ కాలేజీ స్టేడియం దగ్గరే. ఆట నాకు పూర్తిగా కొత్త. మా రూమ్మేట్ ఒకటే చెప్పాడు: "బంతి సంగతి వదిలెయ్, ఆ 40వ నంబర్ వాణ్ణే చూస్తూ ఉండు." ఆట నాకు అలాగే పట్టుబడింది.

లైన్‌బ్యాకర్ డిఫెన్స్ ఆటగాడు, తన జట్టు ముందు వరుసకు నాలుగైదు గజాల వెనక నిలబడతాడు. అవతలి జట్టు బంతి పట్టుకుని పరుగెడితే ముందుకొచ్చి పడగొట్టాలి, పాస్ వేస్తే వెనక్కి వెళ్లి కాపు కాయాలి. ఏది చేయాలో క్షణంలో తేల్చుకోవాలి. కబడ్డీలో మంచి డిఫెండర్ రైడర్ చేతుల్ని కాక కాళ్లనే చూసినట్టు, కీక్లీ చూపు ఎప్పుడూ ఎదుటి గార్డుల మీదే, అంటే అవతలి జట్టు ముందు వరుసలో దారి చేసే ఆటగాళ్ల మీదే ఉండేది. గార్డు పక్కకు కదిలాడో లేదో ఇతనూ అటే వెళ్లేవాడు. బంతి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) చేతికి అందేసరికే సందులో నిలబడి ఉండేవాడు. ఎగిరి గుద్దడం లాంటి హంగామా ఏమీ లేదు. వంగి, రెండు చేతులూ చుట్టేసి కింద పడేయడం, లేచి మళ్లీ తన చోటికి వెళ్లడం, అంతే.

మొదటి ఏడాదే అతనికి జట్టులో చోటు దొరికింది. ఆ సీజన్‌లో జట్టు స్టార్ లైన్‌బ్యాకర్ మార్క్ హెర్జ్‌లిక్ క్యాన్సర్ చికిత్సలో ఉన్నాడు. 2010లో అతను కోలుకుని తిరిగొచ్చాక ఇద్దరూ కలిసి ఆడారు. నాకు ఆ సీజనే ఎక్కువ ఇష్టం.

లెక్కలు కావాలంటే ఇవిగో: ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టడాలు) 2009లో 158, 2010లో 183, 2011లో 191. మొత్తం 38 మ్యాచ్‌ల్లో 532, అంటే మ్యాచ్‌కు 14.

"జట్టు బలహీనం కాబట్టి డిఫెన్స్ ఎక్కువసేపు మైదానంలో ఉంది, అందుకే అన్ని ట్యాకిల్స్" అని కొందరు కొట్టిపారేస్తారు. 2011లో బోస్టన్ కాలేజీ 4 గెలిచి 8 ఓడిన మాట నిజమే. కానీ ఓడే జట్లు ఏటా బోలెడు ఉంటాయి, వాటిలో ఎంతమంది ఈ లెక్క దగ్గరికి వచ్చారు? పైగా అతను పాస్‌లను కాచుకోవడంలోనూ దిట్ట. ఆ సీజన్ చివరి మ్యాచ్‌లో మయామీ వేసిన పాస్‌ను మధ్యలో పట్టేసి, అవతలి జట్టు గీత దాటి టచ్‌డౌన్ చేసేదాకా పరుగెత్తాడు. మా గదిలో అందరం ఒక్కసారిగా లేచి అరిచాం. ఆ ఏడాది కాలేజీ ఆటగాళ్లకిచ్చే పెద్ద అవార్డులు బట్కస్, నాగుర్స్కీ, లొంబార్డీ మూడూ అతనికే వచ్చాయి. ఇంకో ఏడాది ఆడే అవకాశం ఉన్నా ప్రొఫెషనల్ ఆటకు వెళ్లిపోయాడు. ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2012 డ్రాఫ్ట్‌లో కరోలినా పాంథర్స్ జట్టు అతన్ని 9వ స్థానంలో తీసుకుంది.

పాత మ్యాచ్‌ల వీడియోలు దొరికితే హైలైట్స్ కాకుండా పూర్తి మ్యాచే చూడండి. బంతి కదలకముందు అతను చెయ్యి చూపించి తోటివాళ్లను అటూ ఇటూ జరుపుతుంటాడు. హైలైట్స్‌లో ఆ భాగం కోసేస్తారు.